ముందు కుర్చీ, తరువాతే స్పీకర్లు

పోయిన ఏడాది మాఘమాసంలో హనుమకొండ నుంచి మా బావమరిది ఫోను చేశాడు. ఎల్లుండే స్లాబు. సెంట్రింగ్ అయిపోయింది, ఇనుము కట్టేశారు, ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ బాక్సులు పెడుతున్నాడు. "బావా, హాలు పక్క గదిలో సినిమా చూసుకునేలా స్పీకర్లు పెట్టిస్తున్నాను. పైన నాలుగు కావాలట. నాలుగు మూలలకూ పైపులు వేయించేస్తే సరిపోతుంది కదా?"

నేను అడిగింది ఒక్కటే. "కూర్చునేది ఎక్కడ?"

"అదేమిటి బావా, సోఫా వెనక గోడకే కదా!"

మరునాడు తెల్లవారుజామునే కరీంనగర్ నుంచి బస్సెక్కాను. ఏళ్ల తరబడి ఫిజిక్స్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. కాంక్రీటు పోశాక తప్పు తెలిసి బాధపడే మనిషిని చూస్తే ఊరుకోలేను.

మూడు దిశల శబ్దం, అంటే చుట్టూనే కాక పై నుంచి కూడా వినిపించేది, అనగానే మన దగ్గర ముందుగా స్పీకర్ల లెక్క మొదలవుతుంది. ఐదా, ఏడా, పదకొండా? దుకాణంలో బేరం కూడా అంకెలతోనే నడుస్తుంది: 5.1.2, 5.1.4, 7.1.4. వీటిలో మొదటి అంకె చెవి ఎత్తులో చుట్టూ ఉండే స్పీకర్లది. రెండోది మంద్రమైన శబ్దాలను మాత్రమే పలికే సబ్‌వూఫర్‌ది. మూడోది తలపైన ఉండేవాటిది. కొనడానికి ఈ అంకె తెలిస్తే చాలు. పెట్టడానికి చాలదు. పెట్టడానికి కావలసినవి కోణాలు. కోణం అన్నాక దాన్ని ఎక్కడ నిలబడి కొలిచారో ముందు తేలాలి. గది మధ్య నుంచీ కాదు, మూలల నుంచీ కాదు, వినే మనిషి తల నుంచి కొలవాలి. అందుకే నా మొదటి ప్రశ్న కుర్చీ గురించి.

ఆ తలకు ఉన్నవి రెండే చెవులు. అవీ ఒకే ఎత్తులో ఉన్నాయి. కళ్లకు గంతలు కట్టుకుని ఆడే ఆటలో పిల్లలు ఎడమ నుంచి చప్పట్లు వస్తే ఎడమకు, కుడి నుంచి వస్తే కుడికి ఠక్కున తిరుగుతారు. అది ఎలాగో తేలిగ్గానే అర్థమవుతుంది. కుడి పక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరి, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో సుమారు 1,500వ వంతు. అందులోనూ చాలా చిన్న తేడాను, అంటే సెకనులో లక్షవ వంతు దాకా, మెదడు పసిగట్టగలదు. సుమారు 1,500 హెర్ట్జ్ (సెకనుకు 1,500 కంపనాలు) కంటే సన్నని శబ్దాలకు ఈ సమయపు తేడా అంతగా పనికిరాదు. అక్కడ తలే అడ్డుగోడై రెండో చెవికి శబ్దం తగ్గించి పంపుతుంది, ఆ హెచ్చుతగ్గులే దిక్కు చెబుతాయి. రెండూ కలిస్తే మన ముందున్న శబ్దం దిక్కును ఒకటి రెండు డిగ్రీల తేడాతో చెప్పేస్తాం.

అసలు చిక్కు శబ్దం సరిగ్గా ఎదురుగానో, నడినెత్తినో, వీపు వెనకో ఉన్నప్పుడు వస్తుంది. ఈ మూడు చోట్ల నుంచీ రెండు చెవులకూ దూరం సమానం, బిగ్గరతనం సమానం. మరి పైన కాకి అరిస్తే తల పైకే ఎందుకు ఎత్తుతాం?

అది చెవి డొప్ప చేసే పని. ఆ మడతలు, గుంతలు అలంకారానికి ఉన్నవి కావు. వచ్చిన శబ్దంలో కొంత నేరుగా లోపలికి పోతుంది, కొంత మడతలకు తగిలి క్షణమాత్రం ఆలస్యంగా పోతుంది. రెండూ కలిసేచోట కొన్ని సన్నని స్వరాలు పెరుగుతాయి, కొన్ని చచ్చిపోతాయి. పై నుంచి వస్తే ఒక రకంగా, వెనక నుంచి వస్తే మరో రకంగా. పుట్టినప్పటి నుంచీ వింటున్న మెదడు ఆ తేడాలను కంఠతా పట్టేసింది. జర్మన్ శాస్త్రవేత్త యెన్స్ బ్లౌవెర్ట్ ఈ సంగతిని మరోలా చూపించాడు. స్పీకరును కదపకుండా, శబ్దంలో 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలే ఎక్కువగా ఉండేలా చేస్తే అది పై నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకా ముందుకు వెళ్లి, కొందరి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి మడతల ఆకారం మార్చారు. వాళ్లకు ఎడమ కుడి బాగానే తెలిశాయి. కింద ఏదో పైన ఏదో మాత్రం తెలియలేదు. కొన్ని వారాలు ఆ అచ్చులతోనే తిరిగేసరికి మెదడు కొత్త చెవులను నేర్చుకుంది. తీసేశాక పాత చెవులనూ మరిచిపోలేదు. రెండు చెవుల లిపులూ వచ్చేశాయన్నమాట.

ఇంట్లో ప్రయోగం చేయాలంటే ఇంత హంగు అక్కర్లేదు. కళ్లు మూసుకుని రెండు చెవి డొప్పలనూ అరచేతులతో ముందుకు మడిచి పట్టుకోండి. ఎవరినైనా మీ తలపైన ఒకసారి, ముందు ఒకసారి తాళంచెవుల గుత్తి ఆడించమనండి. ఎన్నిసార్లు తప్పు చెబుతారో మీకే తెలుస్తుంది.

ఈ చెవి పురాణం ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఎత్తు అనేది సన్నని స్వరాల్లోనే దాగి ఉంటుంది కాబట్టి, తలపైన పెట్టే స్పీకరు వాటిని శుభ్రంగా పలకాలి, అది మన వైపు చూస్తూ ఉండాలి. "పైవే కదా, ఏవో చవకవి పడేద్దాం" అనుకుంటే డబ్బు దండగ. గుమ్మటంలా మోగే మంద్రశబ్దం పై నుంచి వచ్చినా, కింది నుంచి వచ్చినా చెవికి ఒకటే.

ఇక స్పీకర్ల వైపు చూద్దాం. రెండు స్పీకర్ల మధ్య ఖాళీలో గాయకుడు నిలబడి పాడుతున్నట్టు వినిపించడం స్టీరియోలోని కనికట్టు. ఇంగ్లండులో అలన్ బ్లమ్లీన్ 1931లోనే దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తెర మీద మనిషి ఒక చివర ఉంటే గొంతు మరో చోట నుంచి రావడం సినిమా హాల్లో అతనికి నచ్చలేదని చెబుతారు. రెండు స్పీకర్లూ, మీ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. అంటే స్పీకర్ల మధ్య కోణం 60 డిగ్రీలు. ఇది పెరిగేకొద్దీ నడుమ గాయకుడు పలచబడిపోతాడు, చివరికి మాయమవుతాడు. మీరు ఒక స్పీకరుకు దగ్గరగా జరిగినా అంతే. ముందుగా చెవి చేరిన శబ్దానిదే రాజ్యం. తరువాత కొన్ని మిల్లీసెకన్లలో అదే శబ్దం ఇంకో చోట నుంచి వచ్చినా దాని దిక్కును మెదడు లెక్కచేయదు. హెల్ముట్ హాస్ 1949లో వర్ణించిన ఈ గుణం వల్లే సోఫాలో ఓ పక్కన కూర్చున్నవారికి పాటంతా ఆ పక్కనే వినిపిస్తుంది.

ఇప్పుడు మనసులోనే ఖిలా వరంగల్ వెళ్దాం. ధ్వంసమైన స్వయంభూ దేవాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా కాకతీయుల నాలుగు తోరణాలు నిలబడి ఉన్నాయి కదా. మధ్యలో ఈశాన్యానికి తిరిగి నిలబడ్డారనుకోండి. ఎడమ ముందు ఉత్తర తోరణం, కుడి ముందు తూర్పు తోరణం, వెనక మిగిలిన రెండూ. ఒక్కో తోరణం కింద ఒక్కో స్పీకరు పెడితే అది అచ్చంగా 1970లలో వచ్చిన క్వాడ్రఫోనిక్ అమరిక అవుతుంది. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. చూడడానికి ఇంతకంటే న్యాయమైన పంపకం ఉండదు. వినడానికి మాత్రం ఓడిపోయింది. కంపెనీకో రికార్డు పద్ధతి పెట్టుకుని కొట్టుకోవడం ఒక కారణమైతే, చెవి ఒప్పుకోకపోవడం మరో కారణం. ముందున్న రెండు తోరణాల మధ్య కోణం 90 డిగ్రీలు, అందుకే నడుమ బొక్క పడుతుంది. పక్కల సంగతి మరీ అన్యాయం. ఉత్తర, పడమర తోరణాలు రెండూ ఒకే శబ్దం పలికితే, రెంటి మధ్య ఎడమ చెవికి ఎదురుగా ఒక గొంతు పుడుతుందనుకుంటాం. పుట్టదు. ఈ కనికట్టుకు రెండు చెవులూ చెరో పక్కన సమానంగా ఉండాలి. పక్కకు తిరిగినచోట ఒక చెవే దగ్గర, రెండోది తల చాటున ఉంటుంది. శబ్దం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు గెంతుతుంది గానీ మధ్యలో నిలవదు.

మా బావమరిది అడిగిన నాలుగు మూలల పైపులూ ఈ పాత తప్పే, కాకపోతే సీలింగు మీద.

ఆ అనుభవంతోనే 5.1 అమరిక కుదిరింది. ముందు ఎడమ, కుడి స్పీకర్లను 30 డిగ్రీల చొప్పున దగ్గరకు లాగి, మధ్యలో మాటల కోసం ఒక అసలు స్పీకరు పెట్టారు. చుట్టుపక్కల రెంటినీ వెనక మూలల్లో కాక, చెవులకు కాస్త వెనగ్గా, ఎదుటి నుంచి 110 డిగ్రీల దగ్గర పెట్టమన్నారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు చెప్పేది ఇదే, చుట్టుపక్కలవాటికి పదేసి డిగ్రీలు అటూ ఇటూ వెసులుబాటుతో. 7.1 అయితే పక్కవి 90 నుంచి 110 మధ్యకు వస్తాయి, వెనక మరో రెండు 135 నుంచి 150 మధ్య చేరతాయి.

ఇంతవరకూ అన్నీ నేల మీది తోరణాలే. సద్దుల బతుకమ్మ రోజున వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ పాడుతుంటే, ఆ వలయం నడుమ బతుకమ్మలకు వినిపించే పాట ఇలాంటిదే. చుట్టూ ఉంటుంది, ఒకే ఎత్తులో ఉంటుంది. అదే వేళకు గుళ్లో గంట మోగితే, చెట్టు మీద చిలకలు అరిస్తే, అది మూడో దిశ.

ఈ బతుకమ్మ వలయమే ఇంకో చిక్కుముడిని కూడా విప్పుతుంది. పాత పద్ధతిలో శబ్దం చేసేవాడు చానెల్ లెక్కన పంచేవాడు: ఈ చప్పుడు ఎడమ వెనక స్పీకరుకు, ఆ మాట మధ్య స్పీకరుకు. వలయంలో "ఐదో ఆమె పాడాలి" అన్నట్టు. ఐదో ఆమె తన చోట లేకపోయినా, వేరే చోట నిలబడినా ఆదేశం మారదు, పాట తప్పు దిక్కు నుంచి వస్తుంది. 2012లో సినిమా హాళ్లలోకి వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతి వేరు. "గుడి వైపు ఎవరున్నారో వాళ్లు అందుకోండి" అని చెప్పడంతో సమానం. చప్పుడుతో పాటు అది ఎక్కడ ఉండాలో చెప్పే చిరునామా కూడా ప్రయాణిస్తుంది. దీన్నే ఆబ్జెక్ట్ అంటారు. హాల్లోని యంత్రం తన దగ్గర ఏ స్పీకర్లు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ చోటికి దగ్గరున్నవాటికి పంచుతుంది. సినిమా హాల్లో 128 దాకా శబ్దధారలు, 64 దాకా స్పీకరు దారులు ఉండవచ్చు. 2014లో ఇది ఇళ్లకు వచ్చింది. అదే సినిమా ఇంట్లో తొమ్మిది పది స్పీకర్లతో పలుకుతుందంటే ఈ చిరునామా పద్ధతి వల్లే.

పంచే లెక్కల్లో నాకు ఇష్టమైనది ఫిన్లాండు పరిశోధకుడు విల్లే పుల్కి 1997లో ప్రచురించినది. వినే మనిషి చుట్టూ ఒక గోళాన్ని ఊహించి, స్పీకర్లను చుక్కలుగా పెట్టి, మూడేసి చుక్కలను కలిపితే త్రిభుజాలు వస్తాయి. శబ్దం ఏ త్రిభుజంలో పడితే ఆ మూడు స్పీకర్లే మోగుతాయి, చుక్కకు దగ్గరయ్యేకొద్దీ ఆ స్పీకరు వాటా పెరుగుతుంది. స్పీకర్లు ఎన్నున్నా, ఎలా ఉన్నా లెక్క నడుస్తుంది. కానీ త్రిభుజం మరీ పెద్దదైతే చెవి మోసపోదు. ఆ లెక్క మెదడులో అచ్చుకాలేదు, కాగితం మీదే ఉంది.

అయితే ఒక మాట. చిరునామా పద్ధతి వచ్చింది కాబట్టి స్పీకర్లను ఎక్కడ పెట్టినా యంత్రం సర్దుకుంటుందని కొందరు అంటారు. ఇంటి యంత్రాలకు చాలావరకు స్పీకరు దూరం తెలుస్తుంది, బిగ్గరతనం తెలుస్తుంది, కోణం తెలియదు. మీరు "పై ముందు" అని పేరు పెట్టినది నిజంగా పైన ముందు ఉందని అది నమ్ముతుంది, అంతే. నమ్మకద్రోహం చేసేది మనమే.

సరే, స్లాబు దగ్గరికి వెళ్దాం. నిచ్చెనెక్కి సెంట్రింగ్ పలకల మీదికి చేరేసరికి ఎండ ఎక్కింది. గది 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. స్లాబు అడుగు నేల నుంచి 10 అడుగులు. టీవీ ఆగ్నేయ మూలన ఉండాలని ఎవరో చెప్పారట. మూలన పెడితే ఎడమ స్పీకరుకు గోడ, కుడి స్పీకరుకు కిటికీ పొరుగవుతాయి, రెండూ ఒక్కలా పలకవు. తూర్పు గోడ మధ్యకు ఒప్పించడానికి మా అత్తయ్య సాయం కావలసి వచ్చింది.

ముందు కుర్చీ. వెనక గోడకు సోఫా ఆనిస్తే వెనక స్పీకర్లకు చోటే ఉండదు, పైగా మంద్రశబ్దం గోడ దగ్గర ఉబ్బిపోతుంది. సరిగ్గా గది మధ్యన వేస్తే ఇంకో బెడద, దాని సంగతి తరువాత. టీవీ గోడ నుంచి 9 అడుగుల దగ్గర కుర్చీ అనుకున్నాం. వెనక 5 అడుగులు మిగిలాయి. సోఫాలో కూర్చుంటే చెవి నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే చెవి నుంచి స్లాబుకు 6 అడుగులు.

పై నాలుగు స్పీకర్లలో ముందు జంట ఎదుటి నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, 30 నుంచి 55 దాకా పరవాలేదు. 45 డిగ్రీలకు కోణమాపకం అక్కర్లేదు: ఎంత ఎత్తో అంత దూరం. ఎత్తు 6 అడుగులు కాబట్టి కుర్చీకి 6 అడుగుల ముందు, అంటే టీవీ గోడకు 3 అడుగుల దగ్గర. వెనక జంట కూడా అలాగే 6 అడుగుల వెనక ఉండాలి. ఉన్నదే 5 అడుగులు. నాలుగున్నర అడుగుల దగ్గర సరిపెట్టాం. లెక్క కడితే వెనక నుంచి 53 డిగ్రీల ఎత్తు, ఎదుటి నుంచి చెప్పుకుంటే 127. అనుమతించే 125 నుంచి 150 మధ్యలో అంచున నిలిచింది. సోఫా గోడకే ఆనించి ఉంటే, మూలల్లోని వెనక జంట నెత్తి మీదికి వచ్చేది. వెనక అనేదే ఉండేది కాదు. అడ్డంగా మాత్రం ముందు ఎడమ, కుడి స్పీకర్ల వరుసకు కాస్త లోపలగా పెట్టించాం.

సుద్దముక్కతో పలకల మీద నాలుగు గుర్తులు గీశాను. ఎలక్ట్రీషియన్ ఇనుప చువ్వల మధ్య నుంచి పైపులు ఒంచి, గుర్తుల మీద బాక్సులు కూర్చోబెట్టి, సిమెంటు పాలు దిగకుండా మూతుల్లో కాగితాలు కుక్కాడు. స్లాబులో స్పీకరును పాతిపెట్టరు, తీగ దిగే దారి మాత్రమే అక్కడ. స్పీకరు తరువాత బ్రాకెట్‌తో వేలాడుతుంది, ముఖం కుర్చీ వైపు వంచుకోవచ్చు. మేస్త్రీ చాలాసేపు చూసి, "ఇన్ని ఫ్యాన్లు ఎందుకు సార్ ఒక్క గదికి?" అని అడిగాడు.

స్లాబు ఎప్పుడో అయిపోయినవారికి ఇంకో దారి ఉంది. ముందు స్పీకర్ల నెత్తిన పైకి చూసే చిన్న స్పీకర్లు పెడితే, శబ్దం సీలింగుకు తగిలి కుర్చీ మీద పడుతుంది. మన కాంక్రీటు స్లాబులు దీనికి అద్దాల్లాంటివి. చదునుగా ఉండాలి, ఎత్తు 12 అడుగులు దాటకపోతే మంచిది. మనకు అడ్డు వచ్చేది ఫ్యాను. ఈ గదిలోనే కాగితం మీద గీసి చూస్తే, ఆ శబ్దం దారి నాలుగడుగుల ఫ్యాను రెక్కల అంచును ఇంచుమించు రాసుకుంటూ పోయింది. తిరుగుతున్న రెక్కలు ఆ దారిని కోస్తూనే ఉంటాయి. ఫ్యాను గాలి హోరు కూడా ఎత్తు చెప్పే సన్నని స్వరాలను కొంత మింగుతుంది. జిప్సం సీలింగులో మెట్లు మెట్లుగా డిజైన్లు చేయించినవారికి ఈ పద్ధతి అసలు నప్పదు. నన్నడిగితే ఇది సర్దుబాటే గానీ సాటి కాదు.

బెల్జియంలో పుట్టిన ఆరో-3డి పద్ధతి వేరే దారి చెబుతుంది. పై స్పీకర్లు సీలింగు మీద కాదు, కింది స్పీకర్లకు సరిగ్గా పైన, గోడల మీద, 30 డిగ్రీల ఎత్తులో ఉండాలంటుంది. సంగీత సభలో పైగోడల నుంచి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవడానికి అది బాగుంటుంది, హెలికాప్టరుకు 45 డిగ్రీలే బాగుంటుంది. జపాన్ ఎన్‌హెచ్‌కే వాళ్ల 22.2 పద్ధతిలో పైన తొమ్మిది, చెవి ఎత్తులో పది, కింద మూడు స్పీకర్లు. మనింట్లో అన్ని పెడితే మనుషులు వరండాలో కూర్చోవాలి.

చెవి ఎత్తు స్పీకర్లకు తంటా తక్కువ. గోడకు అడుగు ముందు పెడితే కుర్చీకి 8 అడుగులు. 30 డిగ్రీల కోణానికి మధ్య గీత నుంచి చెరో పక్కకూ నాలుగు అడుగుల ఏడంగుళాలు. అప్పుడు రెంటి మధ్య దూరం తొమ్మిదింపావు, ఒక్కోదాని నుంచి కుర్చీకి కూడా తొమ్మిదింపావు. సమబాహు త్రిభుజం తనంతట తానే కుదిరింది. పక్క స్పీకర్లు గోడల మీద, కుర్చీకి 2 అడుగుల వెనక.

ఇక సబ్‌వూఫర్. సుమారు 80 హెర్ట్జ్ కంటే కిందివాటి దిక్కు చెవికి పెద్దగా తెలియదు, అందుకే కోణం పట్టింపు లేదు. అయితే దాన్ని ఎక్కడ పెట్టినా ఒకటే అనుకోకండి. ఇక్కడ స్పీకరు కంటే గదే ఎక్కువ మాట్లాడుతుంది. 14 అడుగుల గోడల మధ్య సుమారు 40 హెర్ట్జ్ అల సరిగ్గా సగం పడుతుంది. గోడల దగ్గర ఉబ్బుతుంది, నట్టనడుమ దాదాపు సున్నా అవుతుంది. గది మధ్యన సోఫా వద్దన్నది ఇందుకే. 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్, 10 అడుగుల ఎత్తుకు 57. మూడూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. మనవాళ్లకు ఎంతో ఇష్టమైన 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిలో, ఎత్తు కూడా పదే అయితే, మూడు అలలూ ఒకేచోట పడి 57 హెర్ట్జ్ దగ్గర డప్పు వాయిస్తాయి. మిగతాదంతా వెలవెలబోతుంది. మంచి చోటు వెతకడానికి పాత చిట్కా ఒకటుంది. సబ్‌వూఫర్‌ను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాలి. మంద్రంగా నడిచే పాట పెట్టి, మనం గోడల వెంట మోకాళ్ల మీద పాకాలి. ఎక్కడ అది నిండుగా, నిలకడగా వినిపిస్తే అక్కడే దానికి చోటు. మా బావమరిది అలా పాకుతుంటే అతని కూతురు ఫోనులో తీసి చుట్టాలందరికీ పంపింది.

గోడలు, టైల్స్ నేల అయ్యాక ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూశాం. జివ్వుమని మోగింది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా గెంతుతున్నప్పుడు ఎన్ని కోణాలు కొలిచినా వృథా. కొత్తవాడ నేతగాళ్ల దగ్గర మందపాటి దర్రీలు కొన్నాం. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకటి నేల మీద, కుర్చీకీ స్పీకర్లకూ మధ్య. రెండు పక్క గోడలకు, నాలుగంగుళాల చట్రాలు వెనక పెట్టి, నడుమ గాలి ఉండేలా. గోడకు అతికించినట్టు కడితే సన్నని స్వరాలు మాత్రమే ఇంకుతాయి, గాలి సందు ఉంటే ఇంకాస్త కిందివి కూడా ఇంకుతాయి. మంద్రశబ్దానికి మాత్రం ఏ దర్రీ చాలదు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, దాన్ని మెత్తని పొరతో మింగాలంటే నాలుగో వంతు మందం కావాలి. గదిలో గది కట్టుకోవాలి.

చివరి పని దూరాలు, బిగ్గరతనాలు. ముందు స్పీకర్లు తొమ్మిదింపావు అడుగుల దూరంలో, పక్కవి 6 అడుగుల లోపే ఉన్నాయి. శబ్దం అడుగుకు దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది కాబట్టి పక్కవి 3 మిల్లీసెకన్లు ముందే వచ్చి, హాస్ చెప్పినట్టు రాజ్యం లాక్కుంటాయి. రిసీవర్‌లో, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే యంత్రంలో, దూరాలు ఇస్తే దగ్గరివాటిని ఆపి ఆపి పంపుతుంది. దానితో వచ్చిన చిన్న మైకును సోఫా వీపు మీద కాక, చెవి ఉండే చోటే స్టాండు మీద పెట్టాలి. సబ్‌వూఫర్ దూరం టేపు కంటే ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి, అది తన లోపలి ఆలస్యాన్ని కూడా లెక్కేసుకుంటోంది. ఎండాకాలం 40 డిగ్రీల్లో శబ్దం సెకనుకు 355 మీటర్లు పోతుంది, 20 డిగ్రీల్లో 343. అన్ని స్పీకర్లకూ ఒకే నిష్పత్తిలో మారుతుంది కాబట్టి రోహిణి కార్తెకు వేరే సెట్టింగు అక్కర్లేదు.

గృహప్రవేశమయ్యాక ఒక రాత్రి అన్నీ కుదిరాయనిపించి, అడవి దృశ్యం ఉన్న ఒక వీడియో పెట్టాం. చలికాలం, ఫ్యాను ఆపే ఉంది. అత్తయ్య పళ్లెంలో బియ్యం పోసుకుని మెరిగలు ఏరుతూ, తెర వైపు చూడనే లేదు. కాసేపటికి చెయ్యి ఆపింది. తల ఎత్తి ఫ్యాను గిన్నె వైపు, దాని పక్క నుంచి ముందుకు, మళ్లీ వెనక్కు చూసింది.

"ఒరేయ్, పైన పిచ్చుక గూడు పెట్టినట్టుంది. పొద్దున్న చూసేదాకా ఎవరూ ఫ్యాను వేయకండి."